ఆకు లెక్కన ఇంటి ఖర్చు



ఈ రోజు ఇంటి ఖర్చు గురించి, అందులో నాలుగు రాళ్లు వెనకేసుకోవడం గురించి మాట్లాడుకుందాం. ఛత్తీస్‌గఢ్‌లో బస్తర్ దక్షిణపు కొసన, సుక్మా జిల్లా కుంట తాలూకాలో గొల్లపల్లి అని ఒక ఊరు ఉంది. తెలంగాణ సరిహద్దు అక్కడికి దగ్గరే. ఇంట్లో దొర్ల మాట, సంతలో తెలుగు, ఆఫీసులో హిందీ వినిపించే ప్రాంతం అది. చర్ల, దుమ్ముగూడెం, భద్రాచలం పేర్లు అక్కడివాళ్లకు పరాయి పేర్లు కావు. ఆ ఊరి అక్కచెల్లెళ్లను, అన్నదమ్ములను మనసులో పెట్టుకుని ఈ నాలుగు మాటలు చెబుతున్నాను. గోదావరి, శబరి పరిసరాల్లో అడవిని నమ్ముకుని బతికే ప్రతి ఇంటికీ ఇవి పనికొస్తాయి.

పొదుపు గురించి మనం వినే సలహాలు చాలావరకు నెల జీతం వచ్చే ఇంటికి సరిపోయేవి. ఒకటో తారీఖున డబ్బు వస్తుంది, అందులో పదో వంతు పక్కన పెట్టండి అంటారు. గొల్లపల్లిలో కూలి చేసుకునే ఇంటికి ఒకటో తారీఖు అంటూ లేదు. సంక్రాంతి దాటాక మిరప కోతలకు ఖమ్మం, భద్రాద్రి, ములుగు జిల్లాలకు పోతే కొంత డబ్బు. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు, చింతపండు. ఎండలు ముదిరాక తునికాకు. తొలకరి పడిందంటే అందరూ పొలంలో ఉంటారు. అక్కడి నుంచి వరి చేతికొచ్చేదాకా ఇంట్లోకి రూపాయి రావడం కష్టం. కానీ ఉప్పు, నూనె, సబ్బు, పిల్లల చదువు, జ్వరం, పెళ్లి, చావు, ఇవేవీ వానాకాలమని ఆగవు. అప్పులు పుట్టేది ఆ నెలల్లోనే. మలేరియా వచ్చేదీ ఆ నెలల్లోనే.

కాబట్టి అక్కడ పొదుపు అంటే ఒకే అర్థం. మే నెలలో చేతికొచ్చిన డబ్బు దసరా దాకా నిలవాలి. కడుపు మాడ్చుకోమని నేను చెప్పను. అలా చెప్పడం పాపం. ఆ డబ్బు ఏ దారిన జారిపోతోందో చూద్దాం, ఆ దారులను ఒక్కొక్కటిగా మూసేద్దాం.

దానికి ముందు ఒక లెక్క చేతబట్టుకుందాం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024 నుంచి తునికాకు ఒక్కో మానక్ బోరాకు 5,500 రూపాయలు ప్రకటించింది. అంతకుముందు 4,000 ఉండేది. బోరా అంటే 1,000 కట్టలు. కట్టకు 50 ఆకులు. అంటే 50 వేల ఆకులు కోసి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెబితే 5,500. కట్టకు ఐదున్నర రూపాయలు. ఆకుకు 11 పైసలు. తెల్లవారకముందే లేచి, ఎండలో వంగి, వేళ్లు పగిలేలా కోసిన ఆకు విలువ 11 పైసలు. ఇకనుంచి ఏ ఖర్చు పెట్టినా దాన్ని రూపాయల్లో ఒకసారి, ఆకుల్లో ఒకసారి లెక్కపెట్టండి. పది రూపాయల గుట్కా పొట్లం అంటే 91 ఆకులు. రోజుకు ఇరవై రూపాయలు గుట్కాకో, పొగాకుకో పోతే ఏడాదికి 7,300 రూపాయలు. ఆకుల్లో అది 66 వేల పైచిలుకు. ఒక బోరా నింపి, ఇంకో బోరాలో మూడో వంతు దాకా కోయాలి. ఇంటిల్లిపాదీ కష్టపడి తెచ్చింది ఒక్కరి నోటికే పోతుంది. పైగా ఆ నోటికి జబ్బు తెస్తుంది.

ఇప్పుడు డబ్బు జారే దారులు చూద్దాం. అన్నిటికన్నా పెద్దది వడ్డీ. ఆగస్టులో ఇంట్లో ఒకరికి జ్వరం వచ్చింది, షావుకారు దగ్గర ఐదు వేలు తెచ్చారు అనుకుందాం. నూటికి ఐదు రూపాయల వడ్డీ. వినడానికి చిన్న మాటే. ఆరు నెలలకు వడ్డీయే 1,500 అవుతుంది. ఏడాదికి చూస్తే నూటికి 60. అదే ఐదు వేలు మహిళా సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి దొరికితే ఆరు నెలలకు 300తో పోతుంది. తేడా 1,200 రూపాయలు. దాదాపు 11 వేల ఆకులు. ఉప్పులోనూ పప్పులోనూ ఎంత బిగబట్టినా ఈ 1,200 మిగలదు. ఇంటి ఖర్చు తగ్గించాలంటే మొదట చూడవలసింది వంటగదిని కాదు, అప్పు పద్దును.

కొన్ని చోట్ల ఇంకో రకం అప్పు ఉంటుంది. వానాకాలంలో కూలీలను తీసుకెళ్లే మేస్త్రీ అడ్వాన్సు ఇస్తాడు. వడ్డీ అడగడు. బదులుగా సంక్రాంతి తర్వాత ఆయన చెప్పిన తోటకు, ఆయన చెప్పిన రేటుకు మిరప కోతకు పోవాలి. వడ్డీ లేని అప్పు కదా అనిపిస్తుంది. పక్క తోటలో కూలి రేటు ఎక్కువున్నా పోలేకపోతే, రోజుకు తగ్గిన ఆ కూలే వడ్డీ. అడ్వాన్సు తీసుకోక తప్పకపోతే ఎంత తీసుకున్నారో, రోజు కూలి ఎంతో, దారి ఖర్చు ఎవరిదో పదిమంది ముందు అనుకుని కాగితం మీద రాయించుకోండి.

రెండో దారి, అమ్మినదాన్నే మళ్లీ కొనడం. బస్తర్‌లో దీనికి పాత చరిత్ర ఉంది. ఒకప్పుడు వ్యాపారులు సంతలో ఉప్పు ఇచ్చి సారపప్పు తీసుకునేవాళ్లు. అడవిలో అంత విలువైన పప్పును ఉప్పుకు సమానంగా కొలిచిన రోజులు ఉన్నాయి. ఉప్పు లేకుండా బతకలేమన్న అవసరమే ఆ మోసానికి మూలం. ఇలాంటి మోసం ఆపాలనే ఆంధ్ర ప్రాంతంలో 1956లో గిరిజన సహకార సంస్థను, మనం జీసీసీ అనేదాన్ని, విశాఖపట్నం కేంద్రంగా పెట్టారు. అడవి సరుకు సరైన ధరకు కొనడం, ఇంటి సరుకు సరైన ధరకు అమ్మడం, రెండూ ఒకే డిపోలో జరగాలన్నది ఆ ఆలోచన. ఆ ఆలోచన ఇప్పటికీ సరైనదే. అమ్మకం దగ్గర పోయిన డబ్బును కొనుగోలు దగ్గర ఎవరూ తిరిగి తెచ్చుకోలేరు.

ఇప్పుడు ఉప్పు బదులు నూనె వచ్చింది. ఇప్పగింజలు రాలే కాలంలో గింజలన్నీ షావుకారుకు అమ్మేస్తాం. నెల తిరక్కుండా నూనె పాకెట్లు కొంటాం. చింతపండు ఏప్రిల్‌లో మొత్తం తూకం వేసి ఇచ్చేసి, వానాకాలంలో పులుసుకు చిన్న పొట్లం కొంటాం. బొబ్బర్లు, చిక్కుడు గింజలు విత్తనానికి కూడా మిగల్చకుండా అమ్మి, మళ్లీ విత్తనం కొంటాం. అందుకని సంతకు బయలుదేరే ముందు ఇంటి ఆడవాళ్లు ఒక నిర్ణయం చెయ్యాలి. ఏడాదికి ఇంటికి ఎంత చింతపండు కావాలి, ఎంత నూనె కావాలి, ఎంత విత్తనం కావాలి. అది కుండలోనో, డబ్బాలోనో పడ్డాకే మిగిలినది అమ్మకానికి. చింతపండు గింజ తీసి, ఉప్పు కలిపి, తడి తగలకుండా కుండలో అదిమి పెడితే ఏడాది నిలుస్తుంది. ఇప్పగింజల నూనె ఇంటికి సరిపడా తీయించి పెట్టుకుంటే పాకెట్ల మీద పోయే ఖర్చు తగ్గుతుంది.

అమ్మేటప్పుడు ధర తెలిసి అమ్మాలి. కేంద్ర ప్రభుత్వం 2020లో అడవి సరుకుల మద్దతు ధరలు సవరించినప్పుడు ఎండిన ఇప్పపువ్వుకు కిలో 30 రూపాయలు, గింజ ఉన్న చింతపండుకు 36 రూపాయలు నిర్ణయించింది. ఈ ఏడాది ధర ఎంతో అటవీ సమితిలోనో, సంఘం అక్కలనో అడిగి తెలుసుకున్నాకే సంచి దించండి. తూకానికి ముందు కాటా మీద సున్నా ఉందో లేదో చూడండి. చదువుకునే పిల్లవాణ్ని వెంట తీసుకెళ్లండి. పది కిలోలకు ఒక కిలో తరుగు తీస్తే, ఆ పాత ధరకే చింతపండు మీద 36 రూపాయలు పోయినట్టే. అడిగితే గొడవ అవుతుందని భయపడకండి. ఒక్కరు అడిగితే గొడవ అంటారు. ఇరవై మంది సరుకు కలిపి ఒకే చోట తెచ్చి అడిగితే బేరం అంటారు.

మూడో దారి చిన్న పొట్లాలు. ఐదు రూపాయల టీ పొడి, పది రూపాయల నూనె, రెండు రూపాయల షాంపూ. చేతిలో చిల్లర ఉన్నప్పుడు అవే తేలికగా కనిపిస్తాయి. ఒక ఉదాహరణ చెబుతాను, అంకెలు మీ సంతను బట్టి మార్చుకోండి. పది రూపాయల పొట్లంలో 50 మిల్లీలీటర్ల నూనె ఉంటే లీటరు 200 పడుతుంది. లీటరు డబ్బా 150కి దొరికితే పొట్లాలు కొన్న ఇల్లు లీటరుకు 50 రూపాయలు ఎక్కువ కట్టింది. అంటే లేనివాళ్లే ఎక్కువ ధర చెల్లిస్తున్నారు. పెద్ద డబ్బా కొనడానికి ఒక్క ఇంటి దగ్గర డబ్బు లేకపోవచ్చు. నాలుగు ఇళ్లు కలిస్తే 15 లీటర్ల డబ్బా తెచ్చి కొలిచి పంచుకోవచ్చు. ఉప్పు బస్తా, సబ్బుల పెట్టె, పిల్లల నోటు పుస్తకాల కట్ట కూడా అంతే. తునికాకు డబ్బు వచ్చిన వారంలోనే, వాగులు పొంగకముందే, వానాకాలానికి కావలసినవి ఇలా తెచ్చి పెట్టుకోవాలి. దారులు మూసుకుపోయాక ఊళ్లో ఉన్న ఒక్క దుకాణం చెప్పిందే ధర.

నాలుగో దారి జ్వరం. ఆస్పత్రి ఖర్చుకు ఇంటి పద్దులో చోటు ఉండదు కాబట్టి అది వచ్చినప్పుడల్లా అప్పుతోనే వస్తుంది. బస్తర్‌లో 2020 జనవరి నుంచి మలేరియా నిర్మూలన ఉద్యమం నడుస్తోంది. ఇంటింటికీ వచ్చి నెత్తురు పరీక్ష చేస్తారు, మందు ఇస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో ఊరూరా ఆరోగ్య కార్యకర్తగా మితానిన్ అక్క ఉంటుంది. ఆమె దగ్గర మలేరియా పరీక్షా, మాత్రలూ ఉచితం. జ్వరం తగిలిన రోజే ఆమె దగ్గరకు పోతే పైసా ఖర్చు లేదు. వారం ఆగి, సూది వేయించుకుని, సెలైన్ బాటిల్ ఎక్కించుకుని, బండి మాట్లాడుకుని సరిహద్దు దాటితే వేలు అవుతుంది. ప్రాణం మీదికీ వస్తుంది. దోమతెర కింద పడుకోవడం ఆరోగ్యం మాత్రమే కాదు, ఇంటి పొదుపు కూడా. ఆస్పత్రి ఖర్చుకు ఆదుకునే ఆయుష్మాన్ కార్డు ఇంకా చేయించుకోని వాళ్లు జ్వరం రాకముందే చేయించుకోండి. ఒంట్లో బాగాలేని రోజున కాగితాల కోసం తిరగడం ఎవరివల్లా కాదు.

ఐదో దారి సీసా. ఇక్కడ నేను జాగ్రత్తగా మాట్లాడతాను. విత్తనాల పండుగకు, పెళ్లికి, పెద్దలకు పోసే ఇప్పసారా ఆచారం. దాన్ని నేను తప్పు పట్టను. నేను అడిగేది కూలి డబ్బు చేతికొచ్చిన సాయంత్రం దుకాణంలో కొనే సీసా గురించి. 120 రూపాయల సీసా అంటే వెయ్యికి పైగా ఆకులు. కట్టల్లో చెబితే 22 కట్టలు.

దీని మీద గెలిచిన ఆడవాళ్ల కథ తెలుగునేల మీదే ఉంది. నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరు. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు 1992లో తమ ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. ఆ పోరాటం ఊరి నుంచి ఊరికి పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక మంచి వార్తగా మిగిలేది. వాళ్లు ఆగలేదు. సారాకు పోకుండా ఇంట్లో మిగిలిన డబ్బు మళ్లీ ఎటూ పోకూడదని రోజుకు ఒక రూపాయి చొప్పున కూడబెట్టడం మొదలుపెట్టారు. అదే పొదుపులక్ష్మి. ఆ రూపాయి నుంచే తర్వాతి కాలంలో తెలుగు పల్లెల్లో మహిళా సంఘాలు లక్షల సంఖ్యలో పెరిగాయి. 1992లోనే నాబార్డు దేశంలో 500 సంఘాలను బ్యాంకులతో కలిపే ప్రయోగం చేసింది. ఆస్తి లేని ఆడవాళ్లకు తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు ఇవ్వవచ్చని దానితో తేలింది.

దూబగుంట నుంచి మనం నేర్చుకోవలసింది రెండు మెట్లు. ఖర్చు ఆపడం మొదటి మెట్టు. ఆపిన డబ్బుకు అదే రోజు ఒక చోటు చూపించడం రెండో మెట్టు. రెండోది లేకపోతే మొదటిది నిలవదు. మిగిల్చిన డబ్బు తలగడ కింద ఉంటే ఎవరో ఒకరు అడుగుతారు, కాదనలేక ఇస్తాం. సంఘం పెట్టెలో ఉంటే అడిగేవాళ్లకు చెప్పడానికి మాట ఉంటుంది.

ఛత్తీస్‌గఢ్‌లో ఈ సంఘాలు బిహాన్ పేరుతో నడుస్తున్నాయి. పది నుంచి ఇరవై మంది ఆడవాళ్లు ఒక సంఘం. అడవి ఊళ్లలో ఐదుగురితో కూడా మొదలుపెట్టవచ్చు. సంఘానికి పంచసూత్రాలు చెబుతారు. వారం వారం కూర్చోవడం, వారం వారం పొదుపు, లోపలే అప్పులు ఇచ్చుకోవడం, చెప్పిన గడువుకు తిరిగి కట్టడం, పుస్తకం సరిగా రాయడం. పన్నెండు మంది వారానికి ఇరవై రూపాయలు వేస్తే ఏడాదికి 12,480 అవుతాయి. వానాకాలంలో ఇద్దరు ముగ్గురి ఇళ్లకు షావుకారు గడప తొక్కే అవసరం తప్పించడానికి ఇది చాలు. సంఘం నిలబడి బ్యాంకు అప్పుకు అర్హత వస్తే మూడు లక్షల వరకు ఏడాదికి నూటికి ఏడు వడ్డీతో దొరుకుతుంది. మన లెక్కలో చెబితే నెలకు నూటికి అరవై పైసలు కూడా కాదు. మిరప కోతలకు పోయే వాళ్లు ఆ రెండు మూడు నెలల వాయిదా ముందే కట్టి వెళ్లేలా, లేదా వచ్చాక కలిపి కట్టేలా సంఘమే తీర్మానం చేసుకోవాలి. వలస వల్ల సంఘం విరగకూడదు.

ఇక మీకు రావలసినవి వదులుకోకపోవడం కూడా పొదుపే. 2023 జనవరి నుంచి రేషన్ బియ్యం ఉచితం. అంత్యోదయ కార్డుకు నెలకు 35 కిలోలు. బజారులో కిలో 30 అనుకున్నా 1,050 రూపాయలు. ఒక నెల తెచ్చుకోకుండా వదిలితే 9,500 ఆకుల కష్టం వదిలినట్టు. బస్తర్‌లో 2020 జనవరి నుంచి కార్డు మీద కిలో 17 రూపాయలకు బెల్లం ఇవ్వడం మొదలుపెట్టారు. శనగలు, ఉప్పు కూడా ఉన్నాయి. ఈ నెల ఏమేమి ఇస్తున్నారో దుకాణం దగ్గర బోర్డు చూసి, చదివించుకుని, అడిగి తీసుకోండి. తెచ్చిన బియ్యాన్ని పదికీ పన్నెండుకూ అమ్మకండి.

మిరప కోతలకు సరిహద్దు దాటినా బియ్యం హక్కు మీ వెంటే వస్తుంది. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పద్ధతిలో ఛత్తీస్‌గఢ్ 2022 ఫిబ్రవరిలో చేరింది. జాతీయ ఆహార భద్రత కింద ఉన్న కార్డుకు ఆధార్ కలిసి ఉంటే తెలంగాణలో రేషన్ దుకాణంలో కూడా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. బయలుదేరే ముందే మీ కార్డు దానికి పనికొస్తుందో లేదో అడిగి తెలుసుకోండి.

2024 మార్చి నుంచి మహతారీ వందన్ పథకం కింద పెళ్లయిన ఆడవాళ్ల ఖాతాలో నెలకు 1,000 రూపాయలు పడుతున్నాయి. ఏడాదంతా నెలనెలా వచ్చే డబ్బు ఆ ఇంట్లో ఇదొక్కటే కావచ్చు. దీన్ని తీసుకోవడానికి బ్యాంకుకు పోయి రావడంలోనే రోజు కూలి, బండి ఖర్చు పోతాయి. ఊళ్లోకి వచ్చి డబ్బు ఇచ్చే బ్యాంకు సఖి దగ్గర తీసుకోండి, లేదా రెండు మూడు నెలలది కలిపి ఒకేసారి తీసుకోండి. వేలిముద్ర వేసిన ప్రతిసారీ రసీదు అడగండి. ఎంత తీశారో, ఎంత మిగిలిందో చదివించుకోండి. డబ్బు రాలేదు, మళ్లీ వేలిముద్ర వెయ్యండి అంటే మొదటి రసీదు చూడకుండా రెండోసారి వేలు పెట్టకండి.

చివరగా తునికాకు డబ్బు చేతికొచ్చిన రోజు చెయ్యవలసిన పని ఒకటి చెబుతాను. ఆ డబ్బును ఇంటి ఆడామగా కలిసి కూర్చుని నాలుగు భాగాలు చెయ్యండి. ఒక భాగం పాత అప్పుకు, అందులోనూ ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకు ముందు. ఒక భాగం విత్తనానికి, పొలం పనికి. ఒక భాగం వానాకాలపు ఉప్పు, నూనె, సబ్బు, బట్టలు, పుస్తకాలకు. నాలుగో భాగం సంఘంలోనో, ఖాతాలోనో పడాలి. దాన్ని జ్వరానికీ, ఆపదకూ తప్ప ముట్టకూడదు. అన్నీ సమానంగా ఉండాలని లేదు. నాలుగో భాగం చిన్నదైనా సరే, అసలు లేకుండా మాత్రం ఉండకూడదు.

సంపాదించేటప్పుడు ఆ ఊళ్ల ఆడవాళ్లు పడే కష్టం చిన్నది కాదు. ఒక్కో ఆకూ వంగి కోసినది. అలా తెచ్చిన డబ్బు వడ్డీకీ, తరుగుకీ, సీసాకీ పోవడం న్యాయం కాదు. ఈ వారం సంత రోజున మీ వాడలో పదిమంది అక్కచెల్లెళ్లు ఒక చెట్టు కింద కూర్చోండి. ఒక్కో ఇంటికి ఎంత అప్పు ఉంది, ఎంత వడ్డీ కడుతున్నారు, అది ఎన్ని ఆకులు, ముందు ఈ లెక్క తేల్చండి. తర్వాత వారానికి ఎంత వేయగలరో మాట అనుకోండి. పది రూపాయలైనా సరే, ఆ రోజే మొదలుపెట్టండి.